పూట, గది, బిందె, సెంటు: ఉత్తరాంధ్ర రచనల్లో ఇంటి అందుబాటు

ప్రస్తావన

ఉత్తరాంధ్ర కథ, నవల, నాటకాలపై వచ్చిన విమర్శలో భూమికి పెద్దపీట దక్కింది. కౌలు, అప్పు, పాలేరుతనం, శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం, వలస వంటి అంశాల చుట్టూ ఆ విమర్శ చాలాకాలం నడిచింది. ఈ ప్రాంతపు చరిత్రను బట్టి అది సహజమే. అయితే భూమి చేజారి పట్నం చేరిన మనిషి అక్కడ ఎక్కడ తలదాచుకున్నాడు, ఆ నీడకు ఏం చెల్లించాడు అనే ప్రశ్నకు విమర్శలో అంత చోటు దొరకలేదు. రచనల్లో మాత్రం ఆ ప్రశ్న మొదటినుంచీ ఉంది. 'కన్యాశుల్కం' రెండవ కూర్పు (1909) విజయనగరం బొంకులదిబ్బ మీద గిరీశం ఊరి బాకీలను తలచుకోవడంతో మొదలవుతుంది. ఆ బాకీల్లో ముఖ్యమైనది అతనికి తిండీ నీడా ఇచ్చిన పూటకూళ్ళమ్మది.

పట్నంలో ఇల్లు సామాన్యుడికి ఎంతవరకు అందుబాటులో ఉంది అనే అంశాన్ని ఈ వ్యాసం ప్రధానంగా మూడు రచనల ఆధారంగా పరిశీలిస్తుంది. అవి గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం', కాళీపట్నం రామారావు కథలు 'నోరూమ్', 'జీవధార'. పోలిక కోసం రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి', కె.ఎన్.వై. పతంజలి 'వీరబొబ్బిలి', కాళీపట్నం 'యజ్ఞం' ప్రస్తావనకు వస్తాయి. ఈ రచయితలు ఇంటి ఖరీదును రూపాయల్లో కన్నా నిత్యజీవితపు కొలతల్లో లెక్కించారనీ, ఆ కొలతలను గుర్తించకపోతే ఇవాళ విశాఖ నుంచి భోగాపురం దాకా జరుగుతున్న మార్పును సాహిత్య విమర్శ చదవలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

'అందుబాటు' అనే మాట

ప్రభుత్వ పత్రాల్లో, పత్రికల్లో 'అందుబాటు ధరల్లో ఇళ్ళు' అనే మాట ఇప్పుడు విరివిగా కనిపిస్తుంది. అక్కడ అందుబాటు అంటే ధరకూ ఆదాయానికీ ఉన్న నిష్పత్తి. ఇంటి ఖర్చు కుటుంబ ఆదాయంలో సుమారు 30 శాతం దాటకూడదన్నది అనేక దేశాల్లో వాడుకలో ఉన్న గీటురాయి. తెలుగులో ఆ మాటకు ఇంతకన్నా విస్తృతమైన అర్థం ఉంది. చేయి చాస్తే దొరికేది అందుబాటు. అందులో ధరతోపాటు దూరమూ ఉంది, అడ్డూ ఉంది, అడిగేవాడి ఎత్తూ ఉంది. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల సంఘం 1991లో తగిన నివాసానికి ఏడు లక్షణాలను పేర్కొన్నది. వాటిలో భరించగల ఖర్చు ఒకటి మాత్రమే. నీరు మొదలైన వసతులు, నివాసయోగ్యత, పనికి దగ్గరగా ఉండటం, ఎవరూ వెళ్ళగొట్టలేని భద్రత తక్కినవాటిలో ఉన్నాయి. తెలుగు మాటలో ఇమిడి ఉన్న విస్తృతి ఆ జాబితాకు దగ్గరగా ఉంది.

ఈ విస్తృతార్థానికి ఉత్తరాంధ్రలో చారిత్రక ఆధారం ఉంది. 1901 జనగణన నాటికి విశాఖపట్నం జనాభా 40 వేల పైచిలుకు. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపనలు జరిగాయి. 2011 నాటికి మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షలకు పైగా జనం ఉన్నారు. తూర్పున సముద్రం, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ ఉన్న నగరం అది. సమతల భూమి తక్కువ, వచ్చేవారు ఎక్కువ కావడంతో పేదల ఇళ్ళు కొండవాలుకు ఎక్కాయి. వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు గణనీయంగా ఉన్నారు. 2011లో ప్రతి వెయ్యిమంది పురుషులకు శ్రీకాకుళం జిల్లాలో 1015 మంది, విజయనగరం జిల్లాలో 1019 మంది స్త్రీలు నమోదయ్యారు. పనికోసం మగవారు ఊరు విడిచిన జాడ ఈ అంకెలో కొంతైనా ఉంది. ఉత్తరాంధ్ర కథకు రెండు చివరలున్నాయి. ఒక చివర మగదిక్కు లేని పల్లె ఇల్లు, రెండో చివర పట్నంలో దొరకని ఇల్లు. విమర్శ మొదటి చివరను బాగా చదివింది.

పూట: 'కన్యాశుల్కం'లో నీడ లెక్క

'కన్యాశుల్కం'ను వివాహ వ్యవస్థపై నాటకంగా, వేశ్యావృత్తిపై చర్చగా, వ్యావహారిక భాషా విజయంగా చదివారు. అది ఊరూ పట్నమూ మధ్య రాకపోకల నాటకం కూడా. కృష్ణరాయపురం అగ్రహారం నుంచి వెంకటేశం చదువుకోసం విజయనగరంలో ఉంటాడు. ఇంగ్లీషు చదువు ఖర్చుపై అగ్నిహోత్రావధాన్లు సణుగుడు ఒక తండ్రి పిసినారితనం మాత్రమే కాదు. అగ్రహారపు ఆదాయం పట్నపు ఖర్చుతో తూగలేని స్థితి అందులో ధ్వనిస్తుంది. నాటకం చివరికి వ్యాజ్యం అందరినీ విశాఖపట్నం చేరుస్తుంది. పల్లెనుంచి వచ్చినవారికి ఆ పట్నం ఇల్లు కాదు, బస.

ఈ చట్రంలో పూటకూళ్ళమ్మ పాత్రకు కొత్త ప్రాధాన్యం వస్తుంది. పూటకూడు అంటే పూటకింత అని లెక్క కట్టి పెట్టే కూడు. సొంత ఇల్లుగానీ సంసారంగానీ లేని పట్నవాసికి ఆ లెక్క ఒక్కటే నిలకడ. వితంతువుకు గౌరవంగా బతికే దారులు మూసుకుపోయిన సమాజంలో, ఆమెకు మిగిలిన ఆస్తి ఇల్లూ వంటా. వాటిని ఆమె పూటల లెక్కన అమ్ముకుంటుంది. సామాను కొనిపెడతానని ఆమె దగ్గర తీసుకున్న ఇరవై రూపాయలను గిరీశం మధురవాణి కోసం ఖర్చు చేస్తాడు. పట్నంలో ఇల్లు లేని మగవాడు ఇల్లున్న ఆడదాని పెట్టుబడిని తినేయడం ఇక్కడ జరిగిన లావాదేవీ. ఆమె చీపురుతో మధురవాణి ఇంటికి రావడం ప్రేక్షకులను నవ్విస్తుంది. కానీ ఆ చీపురు వెనక వసూలు కాని బాకీ ఉంది. గురజాడ హాస్యం గిరీశం మాటల గారడీకి దక్కినంత సానుభూతిని ఆమె బాకీకి దక్కనివ్వలేదు. నాటకంపై వచ్చిన విమర్శ కూడా చాలావరకు ఆ హాస్యం వెంటే నడిచింది.

మరొక విషయం గమనించాలి. పూటకూళ్ళ ఇల్లు ఆనాటి ఆచారం ప్రకారం అందరికీ తెరిచిన తలుపు కాదు. పంక్తిలో కూర్చోగల కులంవాడికే ఆ పూట అందుతుంది. గిరీశం చేతిలో డబ్బు లేకపోయినా నీడ దొరకడానికి అతని కులమే పూచీకత్తు. డబ్బున్నా ఆ అరుగు ఎక్కలేనివారు ఆనాటి విజయనగరంలో ఎందరో ఉన్నారు. అంటే ధర కన్నా ముందు అడుగు పెట్టనివ్వడం అనే ప్రశ్న ఉంది. అద్దె ఇల్లు అడిగినవారిని ముందుగా కులం అడిగే అలవాటు పట్టణాల్లో నేటికీ పోలేదు. ఆ అలవాటుకు పూర్వరంగం పూటకూళ్ళ ఇంట్లో కనిపిస్తుంది.

గది: 'నోరూమ్'

1924లో జన్మించిన కాళీపట్నం రామారావు శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి విశాఖపట్నంలో మూడు దశాబ్దాలకు పైగా ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయన కథల్లో పల్లె ఎంత ఉందో, పట్నం అంచున బతికే మనిషి అంత ఉన్నాడు. అయితే 'యజ్ఞం' సృష్టించిన సంచలనం ఆయన పట్నపు కథలను కొంత వెనక్కి నెట్టింది. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు, పంచాయితీ, సీతారాముడి ఘోరమైన చర్య విమర్శకుల మధ్య దశాబ్దాల చర్చకు కారణమయ్యాయి. ఆ కథ ఆగిన చోట, అంటే భూమి చేజారిన తర్వాత, మనిషి ఎక్కడికి పోతాడు అన్నదానికి సమాధానం ఆయన ఇతర కథల్లో వెదకాలి.

'నోరూమ్' అటువంటి కథ. పేద దంపతులకు ఏకాంతమనేది లేకపోవడం ఆ కథకు కేంద్రం. వసతిగృహాల ముందు వేలాడే పలక మీది మాటను రచయిత కథకు పేరుగా పెట్టారు. ఆ పేరులో రెండు అర్థాలున్నాయి. డబ్బిచ్చి అడిగేవాడికి ఈ పూట గది లేదన్నది ఒకటి. ఈ సమాజంలో నీకు చోటే లేదన్నది రెండవది. కథ మొదటి అర్థంలో మొదలై రెండో అర్థంలో పాఠకుణ్ణి నిలబెడుతుంది. దాంపత్యాన్ని శృంగారంగానో నీతిగానో చూడటం అలవాటైన కథాసాహిత్యంలో దాన్ని చదరపు అడుగుల సమస్యగా చూపడం సాహసం. ఆకలి గురించి రాసిన రచయితలు చాలామంది ఉన్నారు. తలుపు వేసుకోవడానికి ఒక తలుపు లేకపోవడం కూడా పేదరికమేనని చెప్పినవారు తక్కువ.

ఈ కథ చూపిన సంగతిని ప్రభుత్వ గణాంకం గుర్తించడానికి చాలాకాలం పట్టింది. పట్టణ గృహ కొరతపై కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం 2012లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో ఆ కొరత 1 కోటి 88 లక్షల ఇళ్ళు. అందులో ఇల్లే లేనివారి వాటా చాలా స్వల్పం, సుమారు 5 లక్షలు. దాదాపు కోటిన్నర ఇరుకు వల్ల ఏర్పడిన కొరత. వివాహిత జంటకు విడిగా ఒక గది లేని స్థితిని ఆ బృందం ఇరుకుకు కొలతగా తీసుకుంది. గృహ కొరతలో సింహభాగం పైకప్పు లేకపోవడం కాదు, గది లేకపోవడం అన్న ఆ నిర్ధారణ నాలుగు దశాబ్దాల కిందటి కథకు వ్యాఖ్యానంలా ఉంది. సాహిత్యం గణాంకానికి ముందు నడిచిందని గర్వపడటం కన్నా, ఆ కథను ఇంతకాలం గృహ సమస్య కథగా ఎందుకు చదవలేదని విమర్శ తనను తాను ప్రశ్నించుకోవడం మేలు.

గది అనే కొలతకు అవతలి కొస పతంజలి 'వీరబొబ్బిలి'లో ఉంది. విజయనగరం జిల్లా అలమండను సాహిత్యంలో శాశ్వతం చేసిన పతంజలి, ఆదాయం తరిగినా దర్జా తరగని రాజుల దివాణాన్ని అక్కడ వ్యంగ్యంగా చిత్రించారు. ఆ దివాణంలో కుక్కకూ ఒక పేరూ ప్రతిష్ఠా ఉన్నాయి. 'నోరూమ్'ను, 'వీరబొబ్బిలి'ని పక్కపక్కన చదివితే ఒకే ప్రాంతంలో చోటు ఎంత అసమానంగా పంపకమైందో స్పష్టమవుతుంది. కొరత అనేది మొత్తం ఇళ్ళ లెక్క మాత్రమే కాదు, ఎవరి చేతిలో ఎంత చోటు ఉందన్న లెక్క కూడా.

జీతం ఉన్నవాడి పరిస్థితి వేరనుకోవడానికి 'అల్పజీవి' అవకాశమివ్వదు. సుబ్బయ్య గుమాస్తా. అతనికి సంసారముంది, నెల జీతముంది. బావమరిది అవసరం కోసం కంట్రాక్టరు గవరయ్య దగ్గర తీసుకున్న అప్పు అతని మనసును ఆక్రమిస్తుంది. రావిశాస్త్రి ఇక్కడ ఇంటి గురించి వాదించలేదు. కానీ పట్నపు చిరుజీతగాడి బతుకులో ఒక చేబదులు ఎంత భయాన్ని పుట్టించగలదో చూపారు. ఆదాయాన్నీ ఖర్చునూ మాత్రమే పోల్చే అందుబాటు సూత్రంలో ఈ భయానికి గడి లేదు.

బిందె: 'జీవధార'

'జీవధార'లో బస్తీ ఆడవాళ్ళు నీళ్ళకోసం కలిగినవారి బంగళా ముందు నిలబడే పరిస్థితి ప్రధానం. ఈ కథను వర్గ చైతన్యపు కథగా చదవడం పరిపాటి. ఆ పఠనం సరైనదే. దానికి గృహ దృష్టిని చేర్చితే మరొక పొర తెరుచుకుంటుంది. బస్తీ పాకకు అద్దె తక్కువ. ఆ తక్కువ అద్దెలో నీళ్ళు చేరవు. ఆ తేడాను ఆడవాళ్ళు తమ కాలంతో, నడకతో, అవమానంతో చెల్లిస్తారు. కాగితం మీద అందుబాటులో ఉన్న ఇల్లు బిందె లెక్కకు వచ్చేసరికి చాలా ఖరీదైనది. ఆ ఖరీదును భరించేది ఇంటి యజమానిగానీ పేరున్న మగవాడుగానీ కాదు, బిందె మోసే ఆడది. పూటకూళ్ళమ్మ నుంచి బస్తీ స్త్రీల వరకు ఈ రచనల్లో ఇంటి అసలు ధర ఆడవారి ఖాతాలో పడుతూనే ఉంది.

విశాఖ నీటి చరిత్ర ఈ కథకు విశాలమైన నేపథ్యం. పెరుగుతున్న నగరం ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ దాటి పొరుగు ప్రాంతాల నీటివైపు చేయి చాచింది. విజయనగరం జిల్లాలో గోస్తనీ నదిపై ఉన్న తాటిపూడి జలాశయం నగరానికి నీరిచ్చే వనరుల్లో ఒకటి. విజయనగరం పల్లెల మనుషులు, ఆ జిల్లా నీళ్ళు ఒకే దారిన విశాఖకు చేరాయి. ఆ నీళ్ళు గొట్టాల వెంట ముందుగా బంగళాలకు చేరితే, అదే నీటి సీమ నుంచి వచ్చిన ఆడవాళ్ళు వాటికోసం గేటు ముందు నిలబడవలసి రావడంలోని వైపరీత్యాన్ని 'జీవధార' పాఠకుడు సులభంగా ఊహించగలడు.

సెంటు: నేటి కొలత

నేటి కొలత సెంటు. 2020 డిసెంబరు 30న విజయనగరం సమీపంలోని గుంకలాంలో ఇళ్ళ స్థలాల పట్టాల పంపిణీ మొదలైంది. పన్నెండు వేలకు పైగా స్థలాలున్న ఆ లేఅవుటు రాష్ట్రంలోని పెద్దవాటిలో ఒకటి. ఆ పథకం కింద పట్టణ పేదలకు సెంటు, గ్రామీణులకు సెంటున్నర చొప్పున స్థలం కేటాయించారు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. పట్టా ఆడవారి పేరున ఇవ్వడం పైన చర్చించిన రచనల దృష్టితో చూస్తే చిన్న విషయం కాదు. వెళ్ళగొట్టే వీలులేని హక్కు పూటకూళ్ళ లెక్కకు పూర్తి వ్యతిరేకం. అయినా ఆ రచనలు నేర్పిన ప్రశ్నలను ఇక్కడా వేయాలి. ఆ సెంటులో రెండు జంటలున్న కుటుంబానికి ఎన్ని గదులు లేస్తాయి? కుళాయి ఇంటితోపాటే వస్తుందా, ఆ తర్వాతా? ఊరికి వెలుపలి స్థలం నుంచి పొద్దున్నే తాపీపనికో ఇళ్ళపనికో వెళ్ళే మనిషికి రోజుకు ఎంత ఆటో ఖర్చు? గుంకలాం పట్టాను తూచవలసింది గది, బిందె, దూరం అనే తూకంరాళ్ళతో.

రెండవ మార్పు సముద్రతీరం వెంట జరుగుతున్నది. విశాఖ ఉత్తరంగా మధురవాడ, భీమునిపట్నం మీదుగా పెరిగి విజయనగరం జిల్లా భోగాపురాన్ని తాకింది. అక్కడ అంతర్జాతీయ విమానాశ్రయానికి రెండు వేల ఎకరాలకు పైగా భూమి సేకరించారు. 2023 మే 3న పనులకు శంకుస్థాపన జరిగింది. నిర్వాసితులకు గూడెపువలస వంటి చోట్ల పునరావాస కాలనీలు వెలిశాయి. 2019 డిసెంబరులో విశాఖను కార్యనిర్వాహక రాజధానిగా చేసే ప్రతిపాదన వెలువడినప్పుడు కూడా ఈ దారిలోని నేలమీద ఆశలు పెరిగాయి. కట్టడం కన్నా ముందు ప్రకటన, ప్రకటనతోపాటే ధర పెరగడం ఈ ప్రక్రియ స్వభావం. జీడి, కొబ్బరి తోటలు రాళ్ళు పాతిన ప్లాట్లవుతాయి. అమ్మిన రైతుకు ఒక్కసారి డబ్బు వస్తుంది. ఆ ఊరి భూమిలేని కూలీకి అదీ రాదు. పెరిగిన అద్దె మాత్రం అతనికీ వర్తిస్తుంది. 'యజ్ఞం'లో భూమి అప్పు వల్ల చేజారింది. ఇక్కడ ధర వల్ల చేజారుతుంది. మొదటిదానికి పంచాయితీ జరిగింది. రెండోదానికి పంచాయితీ ఎక్కడ, ఎవరి ముందు?

ఒక ఆక్షేపణ, సమాధానం

ఈ పఠనం రచనలపై నేటి సమస్యను రుద్దడమే అనే ఆక్షేపణ రావచ్చు. గురజాడకు గృహ విధానం తెలియదు, కాళీపట్నం లక్ష్యం వర్గ సంబంధాల విశ్లేషణ అని చెప్పవచ్చు. ఆ మాటల్లో నిజముంది. రచయిత ఉద్దేశాన్ని మార్చే హక్కు విమర్శకు లేదు. అయితే ఇక్కడ జరిగింది ఉద్దేశాన్ని మార్చడం కాదు, కథలో ఉన్న వస్తువును తిరిగి వస్తువుగా చూడటం. చీపురు, పలక, బిందె ఇంతవరకు సంకేతాలుగానో సంఘటనా సాధనాలుగానో విమర్శకు ఉపయోగపడ్డాయి. అవి ముందు ఇంటి వస్తువులు. వర్గ విశ్లేషణకు ఇది ప్రత్యామ్నాయం కాదు, దాని పొడిగింపు. శ్రమను దోచే చోటు పొలం, కర్మాగారం అయితే, సంపాదించిన కూలిని అద్దెగా, నీటి ఖర్చుగా, ప్రయాణంగా తిరిగి లాక్కునే చోటు ఇల్లు.

ఈ పఠనానికి పరిమితి కూడా ఉంది. ఇక్కడ ప్రధానంగా తీసుకున్న రచయితలందరూ పురుషులు. పట్నపు ఇంటిని లోపలినుంచి చూసిన స్త్రీల రచనలను, అద్దెకు ముందు కులం చెప్పవలసి వచ్చిన దళిత రచయితల కథలను, కొండవాలు బస్తీల మౌఖిక కథనాలను ఈ కొలతలతో చదివినప్పుడే ఈ ప్రతిపాదన బలం తేలుతుంది. రావిశాస్త్రి చివరి దశ నవల 'ఇల్లు'ను కూడా ఈ దృష్టితో విడిగా పరిశీలించవలసి ఉంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఉత్తరాంధ్ర రచనల్లో ఇంటి అందుబాటును పూట, గది, బిందె వంటి నిత్యజీవితపు కొలతలు నిర్ణయించాయి, రూపాయి వాటి వెనక నడిచింది. ఆ కొలతల భారాన్ని ఎక్కువగా మోసినది స్త్రీలు. పల్లెలో భూమి కోల్పోవడం, పట్నంలో చోటు దొరకకపోవడం రెండు వేరువేరు వస్తువులు కావు, ఒకే కథలో ముందూ వెనకా భాగాలు.

విశాఖ చుట్టూ నేల రూపం మారుతున్న ఈ కాలంలో ఆ కథ తరువాతి భాగాన్ని రాసేవారు వస్తారు. 1997లో కాళీపట్నం శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం అలమరల్లో ఆ కథలు చేరతాయి. వాటిని చదవడానికి తగిన కొలతలను విమర్శ ఇప్పటినుంచే సిద్ధం చేసుకోవాలి. ఆ పనికి ఈ ప్రాంతపు భాషే ఒక ఆధారం ఇస్తోంది. ఆముదాలవలస, పాత్రునివలస, గూడెపువలస అంటూ ఇక్కడ ఊళ్ళ పేర్లు 'వలస'తో ముగుస్తాయి. వలస అంటే ఒకచోటు విడిచి వెళ్ళడమే కాదు, వెళ్ళినచోట పొయ్యి పెట్టి నిలదొక్కుకుని ఊరవడం కూడా. పట్నం చేరిన వలసకు ఆ రెండో అర్థం ఇంకా దక్కలేదు. ఎందుకు దక్కలేదో అడగడం ఉత్తరాంధ్ర సాహిత్య విమర్శ ముందున్న పని.